కుక్కకు సూది ఉంది, నాకెందుకు లేదు తాతయ్యా?

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



"ఆరోగ్యం మీద ఓ ఇరవై నిమిషాలు మాట్లాడండి" అని కార్యదర్శిగారు నన్ను అడిగారు. బి.పి., షుగరు గురించి చెబుతానని వారు అనుకుని ఉంటారు. ఆ రెండింటి గురించి నాకంటే బాగా తెలిసినవారు ఈ హాల్లో కనీసం వందమంది ఉన్నారు. అందుకని మనలో ఎక్కువమంది వినని ఒక జబ్బు గురించి, దానికోసం చేసిన టీకా గురించి చెబుదామని వచ్చాను. ఆ జబ్బు పేరు లైమ్ వ్యాధి. నిమ్మకాయతో దీనికేమీ సంబంధం లేదు. అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రంలో లైమ్ అని ఒక చిన్న ఊరుంది. ఆ ఊరి పేరే జబ్బుకు వచ్చింది.

అమెరికా జబ్బుతో మనకేం పని అంటారేమో. మనలో ఎంతమంది పిల్లలు న్యూజెర్సీలో, పెన్సిల్వేనియాలో, కనెక్టికట్‌లో ఉన్నారో ఒక్కసారి లెక్కవేసుకోండి. పురుళ్ళకనీ, మనవల్ని చూసుకోవాలనీ ఆర్నెల్లపాటు అక్కడికి వెళ్ళి వచ్చేది మనమే. ఈ జబ్బు ఎక్కువగా ఉండేది సరిగ్గా ఆ ప్రాంతాల్లోనే. ఒక మనవి. నేను డాక్టరును కాను, సీనియర్ అసిస్టెంటుగా రిటైరైనవాణ్ణి. చదివి, కాగితం మీద రాసుకుని, సరిచూసుకున్న సంగతులే చెబుతాను.

ముందు మా ఇంటి సంగతి. 2016లో మే నెలలో నేనూ మా ఆవిడా కనెక్టికట్‌లో మా అమ్మాయి దగ్గరికి వెళ్ళాం. మనవడికి అప్పుడు ఎనిమిదేళ్ళు. ఇంటి వెనక పచ్చిక, ఆ వెనక పొదలు, ఆపైన అడవి. సాయంత్రం మేమిద్దరం బంతాట ఆడేవాళ్ళం. బంతి పొదల్లో పడితే వాడు దూరి తెచ్చేవాడు. అమ్మాయి మొదటి రోజునే చెప్పింది: "నాన్నా, ఇక్కడ చిన్న గోమార్లుంటాయి. స్నానం చేయించేటప్పుడు వాడి ఒళ్ళంతా చూడండి. మోకాళ్ళ వెనక, చంకల్లో, చెవుల వెనక, తలలో." వాళ్ళిద్దరూ ఉద్యోగాలకు వెళతారు కనుక ఆ పని నా మీద పడింది.

నాలుగు రోజులు శ్రద్ధగా చూశాను. ఏమీ కనబడలేదు. ఐదో రోజు నుంచి మానేశాను. ముప్పై ఏళ్ళు రిజిస్టర్లు రాసినవాణ్ణి, రోజూ "నిల్" అని రాయడమూ పనేనని నాకు తెలియదా? తెలుసు. అయినా మానేశాను. జూన్‌లో ఒకనాడు వాడి మోకాలి వెనక ఎర్రగా, గుండ్రంగా ఉంగరంలాంటి మచ్చ కనబడింది. దోమ కుట్టిందనుకుని కొబ్బరినూనె రాశాను. మచ్చ కొంచెం పెద్దదై, కొన్నాళ్ళకు పోయింది. అమ్మాయికి చెప్పనే లేదు.

సెప్టెంబరులో వాడి మోకాలు వాచింది. మెట్లెక్కలేకపోయాడు. డాక్టరుగారు రక్తపరీక్ష చేయించి, లైమ్ వ్యాధి వల్ల వచ్చిన కీళ్ళవాపు అన్నారు. "ఎప్పుడైనా గుండ్రటి మచ్చ వచ్చిందా?" అని అడిగారు. అమ్మాయి, అల్లుడు లేదన్నారు. నేను గొంతు తడారిపోయి, "వచ్చిందండీ, నేను చూశాను" అన్నాను. మా అమ్మాయి నావైపు ఒక్కసారి చూసి తల తిప్పుకుంది. ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

ఇరవై ఎనిమిది రోజులు మందు వాడాక మోకాలు తగ్గింది. భగవంతుడి దయవల్ల వాడికి ఏ లోపమూ మిగల్లేదు. కాని మందు వాడుతున్న రోజుల్లో ఒక సాయంత్రం పక్కింటివారి కుక్కను చూపించి వాడొక ప్రశ్న వేశాడు. "తాతయ్యా, ఆ కుక్కకు లైమ్ రాకుండా సూది వేయించారట. నాకెందుకు వేయించలేదు?"

ఆ పిచ్చి ప్రశ్నకు నవ్వబోయాను. తీరా అల్లుణ్ణి అడిగితే నిజమే అన్నాడు. కుక్కలకు ఆ టీకా 1990ల నుంచీ ఉంది. మనుషులకు ఒకటి వచ్చింది, నాలుగేళ్ళు తిరగకుండానే పోయింది. టీకా రావడం విన్నాంగాని, పోవడమేమిటి? మర్నాటి నుంచి ఆ ఊరి లైబ్రరీలో కూర్చున్నాను. తెలుసుకున్నది మీకు మనవి చేస్తున్నాను.

ఈ కథ ఒక తల్లి రాసుకున్న నోట్సుతో మొదలవుతుంది. పాలీ ముర్రే అనే ఆవిడ లైమ్ ఊళ్ళో ఉండేవారు. ఆవిడకూ, ఇంట్లో పిల్లలకూ ఏళ్ళ తరబడి కీళ్ళవాపులు, దద్దుర్లు. డాక్టర్లు చాలామంది అంతా మీ ఊహ అన్నారు. ఆవిడ ఊరుకోకుండా ఎవరికి, ఎప్పుడు, ఏ కీలు వాచిందో రాసిపెట్టుకున్నారు, ఇరుగుపొరుగు ఇళ్ళలో వివరాలు సేకరించారు. 1975లో ఆవిడా, మరొక తల్లీ రాష్ట్ర ఆరోగ్యశాఖకు తెలియజేశారు. యేల్ విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న ఆలెన్ స్టీర్ అనే యువ డాక్టరు ఆ నోట్సు పట్టుకుని విచారణ మొదలుపెట్టారు. లైమ్, దాని పక్క ఊళ్ళు కలిపి జనాభా సుమారు 12,000. అందులో 39 మంది పిల్లలు, 12 మంది పెద్దలు ఇదే బాధతో దొరికారు. ఎవరో ఒక గృహిణి రాసిన కాగితమని పక్కన పడేసి ఉంటే ఇంకెన్నాళ్ళు పట్టేదో.

జబ్బు తెలిసిందిగాని కారణం తెలియలేదు. 1981లో మోంటానా రాష్ట్రంలోని ప్రభుత్వ ప్రయోగశాలలో విల్లీ బర్గ్‌డార్ఫర్ అనే శాస్త్రవేత్త న్యూయార్క్ దగ్గరి షెల్టర్ ద్వీపం నుంచి వచ్చిన గోమార్లను కోసి, సూక్ష్మదర్శిని కింద చూస్తుంటే వాటి పొట్టలో మెలికలు తిరిగిన క్రిములు కనబడ్డాయి. 1982లో ఆ సంగతి లోకానికి తెలిసింది. మనకు నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చిన సంవత్సరమే అది. ఆ క్రిమికి ఆయన పేరు మీదనే బొరీలియా బర్గ్‌డార్ఫెరీ అని పేరు పెట్టారు.

గోమార్లంటే మన పశువులను పట్టేవే, కొన్ని జిల్లాల్లో పిడుదులంటారు. అక్కడివి వేరే జాతి. పిల్ల గోమారి గసగసమంత ఉంటుంది. అది అడవిలోని తెల్లకాళ్ళ ఎలుకను కరిచి క్రిమిని ఎక్కించుకుంటుంది, తరువాత మనిషిని కరిచి అంటిస్తుంది. అయితే కరిచిన వెంటనే జబ్బు అంటదు. సాధారణంగా ఒక రోజుకు పైగా పట్టుకుని రక్తం తాగితేనే క్రిమి మనలోకి వస్తుంది. ఆ ఒక్క రోజే మనకున్న గడువు. సాయంత్రం స్నానం దగ్గర చూడమని అమ్మాయి చెప్పింది అందుకే.

ఇక టీకా. క్రిమి గోమారి పొట్టలో కాపురం ఉన్నంతకాలం ఒంటిమీద ఒక ప్రోటీను కప్పుకుని ఉంటుంది. దాని పేరు ఓస్ప్-ఏ. గోమారి మనిషి రక్తం తాగడం మొదలుపెట్టాక క్రిమి ఆ చొక్కా విప్పేసి వేరే చొక్కా తొడుక్కుని బయలుదేరుతుంది. 1990లో యేల్ శాస్త్రవేత్తలు ఈ ఓస్ప్-ఏను విడిగా తయారుచేసి ఎలుకలకు ఎక్కిస్తే, ఆ ఎలుకలకు జబ్బు రాలేదు.

ఇక్కడే ఒక వింత ఉంది. మామూలు టీకా ఏం చేస్తుంది? శత్రువు మన గుమ్మం లోపలికి వచ్చాక కొడుతుంది. ఈ టీకా అలా కాదు. టీకా వేయించుకున్న మనిషి రక్తంలో ఓస్ప్-ఏను పట్టుకునే ప్రతిరక్షకాలు ఉంటాయి. గోమారి ఆ రక్తం తాగుతుంది. ఆ ప్రతిరక్షకాలు గోమారి పొట్టలోకి దిగి, చొక్కా విప్పకముందే క్రిమిని అక్కడికక్కడే చంపుతాయి. సూది మనకు, వైద్యం గోమారికి! దొంగను మన ఇంట్లో కాదు, వాడింట్లోనే పట్టుకోవడమన్నమాట.

రెండు కంపెనీలు టీకాలు తయారుచేశాయి. స్మిత్‌క్లైన్ బీచమ్ వారి టీకా పేరు లైమ్‌రిక్స్. దాన్ని 10,936 మందితో పరీక్షించారు. ఆ పరీక్ష నడిపినవారు ఎవరో కాదు, లైమ్ ఊళ్ళో విచారణ చేసిన ఆ స్టీర్ గారే. రెండు డోసుల తరువాత మొదటి ఏడాది 49 శాతం, మూడో డోసు తరువాత రెండో ఏడాది 76 శాతం రక్షణ కనబడింది. రెండో కంపెనీ టీకాకు రెండో ఏడాది 92 శాతం వచ్చింది. అయినా ఆ కంపెనీ అనుమతికి దరఖాస్తే పెట్టలేదు. 1998 డిసెంబరు 21న లైమ్‌రిక్స్‌కు అనుమతి వచ్చింది. 15 నుంచి 70 ఏళ్ళ వయసువారికి, ఏడాదిలో మూడు సూదులు.

మరి ఎందుకు పోయింది? టీకా పనిచేయక కాదు. కారణాలు మూడు నాలుగు కలిశాయి.

మొదటిది, సిఫారసులోని మాట. టీకాలపై సలహా ఇచ్చే కమిటీ 1999లో ఏమని రాసింది? అడవుల్లో, పొదల్లో ఎక్కువగా తిరిగేవారి విషయంలో "పరిశీలించవలెను", తక్కువ తిరిగేవారి విషయంలో "పరిశీలించవచ్చును" అని. మిత్రులారా, "పరిశీలించవచ్చును" అన్న మాట విలువ ఈ హాల్లో ఉన్నవారికి చెప్పాలా? ఆ ముక్క రాసిన ఫైలు ఏ టేబులు మీద ఎన్నాళ్ళు పడుకుంటుందో మనకు తెలియనిదా? "మంజూరు చేయడమైనది" అంటే ఒక లెక్క, "పరిశీలించవచ్చును" అంటే ఇంకో లెక్క. డాక్టర్లకూ అలాగే అనిపించింది. వేయాలో వద్దో తేలని సూదిని గట్టిగా చెప్పి వేసేదెవరు? పైగా జబ్బు ఎక్కువగా తగిలే పిల్లలకు ఆ అనుమతి వర్తించదు.

రెండోది, ఒక అనుమానం. ఓస్ప్-ఏలో ఒక చిన్న ముక్క మన ఒంట్లోనే ఉండే ఒక ప్రోటీనును పోలి ఉందని 1998లో శాస్త్రవేత్తలే కనిపెట్టారు. మందుకు లొంగని లైమ్ కీళ్ళవాపుకు ఈ పోలికే కారణమేమో, మన రక్షణ వ్యవస్థ పొరబడి మన కీళ్ళమీదే పడుతున్నదేమో అని ఊహించారు. అది ఊహ మాత్రమే. కాని టీకా వేయించుకున్నాక కీళ్ళు నొప్పులు పుట్టినవారికి ఆ ఊహే రుజువులాగా కనబడింది. 1999 డిసెంబరులో కోర్టులో దావా పడింది. పత్రికలు రాశాయి. 2001 జనవరిలో అమెరికా మందుల నియంత్రణ సంస్థ బహిరంగ సమావేశం పెడితే బాధితులు వచ్చి తమ బాధ చెప్పుకున్నారు.

లెక్కలేం చెప్పాయి? 2000 జూలై దాకా పంపిణీ అయినవి సుమారు 14 లక్షల డోసులు. వచ్చిన ఫిర్యాదులు 905. అందులో కీళ్ళవాపువి 59. టీకా వేయించుకోని జనంలో కీళ్ళవాపులు మామూలుగా ఎంతమందికి వస్తాయో, వేయించుకున్నవారిలోనూ అంతకు మించి కనబడలేదు. నియంత్రణ సంస్థ అనుమతిని రద్దు చేయలేదు. కాని భయం మొదలయ్యాక లెక్కలు వినేదెవరు? కొనేవారు తగ్గిపోయారు. 2002 ఫిబ్రవరిలో అమ్మకాలు లేవని కంపెనీయే టీకాను వెనక్కి తీసుకుంది. 2003లో దావా రాజీ అయింది. లాయర్లకు పది లక్షల డాలర్లకు పైగా ఫీజులు ముట్టాయి, ఫిర్యాదు చేసినవారికి ఒక్క డాలరూ రాలేదు. పాపం, వారికీ న్యాయం జరగలేదు, టీకాకూ జరగలేదు.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పాలి. భయపడినవారిని నేను ఎగతాళి చేయను. వారి నొప్పి అబద్ధం కాదు. పాలీ ముర్రేను కూడా మొదట "అంతా మీ ఊహ" అన్నారు కదా? అలాంటి ఊళ్ళలో "మీ అనుమానం తప్పు" అని ఒక్క ముక్కలో కొట్టేస్తే ఎవరు నమ్ముతారు? అనుమానానికి ఓపికగా, అర్థమయ్యే మాటల్లో, వేళకు జవాబు ఇవ్వాలి. ఆ జవాబు వచ్చేసరికి ఆలస్యమైంది. అప్పటికి జనం నమ్మకం పోయింది.

నమ్మకం పోయిన ఫైలును మళ్ళీ తెరవడం ఎంత కష్టమో చూడండి. ఇంకో కంపెనీ చేస్తానంటే, "ముందువారికి జరిగింది చూశాం కదా" అనే మాట అడ్డొచ్చేది. ఇరవై ఏళ్ళకు పైగా మనుషులకు ఈ టీకా లేకుండా పోయింది. ఆలోగా జబ్బు తగ్గిందా అంటే పెరిగింది. 2010 నుంచి 2018 వరకు లెక్కలు చూసి, అమెరికాలో ఏటా సుమారు 4,76,000 మంది దీనికి చికిత్స పొందుతున్నారని అక్కడి ప్రభుత్వం అంచనా వేసింది. రుబెల్లా టీకాను కనుగొన్న స్టాన్లీ ప్లాట్కిన్ గారు 2011లో ఈ వ్యవహారమంతా ప్రజారోగ్యానికి పెద్ద భంగపాటని రాశారు.

ఎట్టకేలకు ఫైలు కదిలింది. ఫ్రాన్సులోని వాల్నెవా కంపెనీ, ఫైజర్ కంపెనీ కలిసి మళ్ళీ ఓస్ప్-ఏ మీదే కొత్త టీకా చేశాయి. ఈసారి అనుమానం తెచ్చిపెట్టిన ఆ చిన్న ముక్కను తీసేశారు. అమెరికా, యూరపు దేశాల్లోని ఆరు రకాలకు పనికివచ్చేలా తయారుచేశారు. 2022 ఆగస్టులో చివరి దశ పరీక్ష మొదలైంది. ఐదేళ్ళు నిండిన పిల్లలను కూడా అందులో చేర్చుకున్నారు. 2023 ఫిబ్రవరిలో కొన్ని కేంద్రాలలో నియమాలు సరిగా పాటించలేదని తేలడంతో, అమెరికాలో అప్పటికి చేరినవారిలో సుమారు సగం మందిని తొలగించి మళ్ళీ కొత్తవారిని చేర్చుకున్నారు. మొత్తం 9,400 మందికి పైగా పాల్గొన్నారు. తప్పు దొరికినప్పుడు దాచకుండా సగం రిజిస్టరు కొట్టేసి మళ్ళీ రాయడం నాకు నచ్చింది. నమ్మకం అలాగే తిరిగి వస్తుంది.

వేరే దారులు కూడా తొక్కుతున్నారు. 2021లో యేల్ శాస్త్రవేత్తలు క్రిమిని వదిలి, గోమారి లాలాజలం మీదనే టీకా చేశారు. గినీ పందులకు వేస్తే గోమారి కరిచిన చోట వెంటనే ఎర్రబడింది, గోమార్లు కడుపు నిండకముందే ఊడిపోయాయి. మోడెర్నా కంపెనీ తన రెండు ప్రయోగ టీకాలకు 1975, 1982 అని సంవత్సరాల అంకెలే పేర్లుగా పెట్టింది. ఆ సంవత్సరాలు ఏమిటో ఇప్పుడు మీకూ తెలుసు. చివరికి అడవి ఎలుకలకు మేతలో పెట్టే టీకాకు కూడా 2023లో షరతులతో అనుమతి ఇచ్చారు. కుక్క తరువాత వంతు ఎలుకదైంది!

ఇంతకీ మా మనవడి ప్రశ్నకు జవాబేమిటి? లైమ్‌రిక్స్ ఉండి ఉంటే వాడికి జబ్బు వచ్చేది కాదని నేను ఖాయంగా చెప్పలేను. అది 15 ఏళ్ళు దాటినవారికే. కాని అది బతికి ఉంటే పిల్లల దాకా వచ్చేదేమో, దాన్ని మించినది వచ్చేదేమో. ఇరవై ఏళ్ళ పని ఆగిపోయిందన్నది మాత్రం నిజం. నా తప్పూ అటువంటిదే. మచ్చను చూశాను, ఏమీ కాదులే అనుకున్నాను, ఎవరికీ చెప్పలేదు. అక్కడ పెద్దలు చేసిందీ, ఇంట్లో నేను చేసిందీ ఒకటే: చెప్పవలసిన మాట చెప్పవలసిన వేళ చెప్పకపోవడం.

కనుక అమెరికా వెళ్ళే మిత్రులకు నాలుగు మాటలు. పొదల వైపు వెళితే పొడుగు చేతుల చొక్కా తొడుక్కోండి, ప్యాంటు అంచులు మేజోళ్ళలోకి దోపండి. ఇంటికి రాగానే మీ ఒళ్ళూ, పిల్లల ఒళ్ళూ రోజూ చూడండి, ఏమీ లేకపోయినా చూడండి. గోమారి కనబడితే నూనెలు పోయకండి, అగ్గిపుల్లతో కాల్చకండి. సన్న చిమటాతో చర్మానికి ఆనించి పట్టి, తిన్నగా పైకి లాగండి. గుండ్రటి మచ్చ వస్తే డాక్టరుకు చూపించండి. ముందే పట్టుకుంటే మామూలు యాంటీబయాటిక్ మందులతో నయమవుతుంది. ఏ టీకా గురించైనా సందేహం ఉంటే పార్కులో బెంచీ మీద కాదు, డాక్టరుగారి ఎదురుగా కూర్చుని అడగండి. అర్థమయ్యేదాకా అడగండి. అడగడం మన హక్కు. జవాబు చెప్పడం వారి విధి.

మా మనవడు ఇప్పుడు కాలేజీ వయసుకు వచ్చాడు. మొన్న ఫోనులో ఈ ప్రసంగం సంగతి చెబితే, "నా మోకాలి కథ మీ సభలో చెబుతావా తాతయ్యా!" అని నవ్వాడు. మా అమ్మాయి మాత్రం, "మచ్చ సంగతి కూడా చెప్పు నాన్నా, ఎవరికైనా పనికొస్తుంది" అంది. అప్పుడు ఆసుపత్రిలో అనని మాట తొమ్మిదేళ్ళు దాటాక అలా అంది. అందుకే దాచకుండా చెప్పాను.